అందరికీ జల్దీ ఫైవ్

నార్త్ కరొలినాలోని మోరిస్‌విల్‌లో వీరభద్రం ఇంటి గరాజ్‌లోకి కారు వెళ్ళి ఎన్నేళ్ళయిందో ఆ కారుకే తెలియాలి. రెండు కార్లు పడతాయని చెప్పి అమ్మారు ఆ ఇంటిని. ఒక సగంలో సుధ సామాను: బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, పేరంటాలకి వాడే స్టీలు పళ్ళాలు, బొమ్మల కొలువు అట్టపెట్టెలు. ఆ సగాన్ని ఎవరూ ఏమీ అనకూడదు, అది సంసారం. రెండో సగంలో ఒక పొడుగాటి బల్ల, దాని మీద పాత కంప్యూటరు, పక్కన చిన్న ఫ్రిజ్ అంత ప్రింటరు. ఆ సగాన్ని సుధ రోజూ అంటుంది.

ఆ కంప్యూటరు కొన్న రోజుల్లో వాళ్ళమ్మాయి సంహితకి ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. ఇప్పుడు సంహిత జార్జియాలో కమ్మింగ్ అనే ఊళ్ళో పళ్ళ డాక్టరు. అంత పాతది. దానికి మౌస్ లేదు. ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఓ మూల చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, ఏం చెయ్యాలో మనమే టైప్ చేసి చెప్పాలి. ఏడాదికొక్కసారి, కార్తీక వనభోజనాల ముందు, వీరభద్రం దాని మీది దుప్పటి తీసి తెలుగు సంఘానికి టాంబోలా టికెట్లు ప్రింట్ చేస్తాడు. మిగతా ఏడాదంతా అది దుప్పటి కప్పుకుని నిద్ర.

టాంబోలా తెలియని తెలుగువాడు ఈ చుట్టుపక్కల ఉండడు గానీ, ఉంటే వాడి కోసం ఒక ముక్క. టికెట్ మీద పదిహేను అంకెలుంటాయి. ఒకరు సంచిలోంచి అంకెలు తీసి పిలుస్తుంటే, మన టికెట్‌లో ఉన్నవి కొట్టేసుకుంటూ పోవాలి. ముందుగా ఐదు కొట్టేసినవాళ్ళు జల్దీ ఫైవ్ గెలుస్తారు, మొత్తం కొట్టేసినవాళ్ళు ఫుల్ హౌస్ గెలుస్తారు. టికెట్లు వీరభద్రానివి, పిలుపు సుధది. సుధ ఉత్తి అంకె పిలిచి ఊరుకునే మనిషి కాదు. "పురాణాలు, పద్దెనిమిది" అంటుంది. "మెడికేర్ వచ్చేసింది, అరవై ఐదు" అంటుంది. "గ్రీన్ కార్డ్ లైన్లో మన నంబరు, ఎనభై తొమ్మిది" అనగానే హెచ్‌వన్ కుర్రాళ్ళంతా మూలుగుతారు. ఆ పిలుపు వినడానికే సగంమంది వనభోజనాలకి వస్తారని ఆవిడ నమ్మకం. తప్పేమీ కాదు, నిజమే.

ఇంతకీ సుధకి ఆ రెండో సగం ఎందుకు కావాలంటే, స్టవ్ కోసం. ఇక్కడి ఇళ్ళకి గోడల్లేని వంటిల్లు ఇచ్చి గొప్పగా చెబుతారు గానీ, పోపు పెడితే ఆ ఘాటు మేడ మీద బట్టల అలమరాల దాకా పోతుంది. మిరపకాయ బజ్జీలు వేస్తే స్మోక్ అలారం గోల పెడుతుంది. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ గరాజ్‌లో రెండో స్టవ్ ఉంది, గారెలూ అప్పడాలూ అక్కడే. తనొక్కతే బజ్జీలు వేసేటప్పుడు మొగుణ్ణి స్టూలెక్కించి అలారం కింద విసనకర్రతో నిలబెట్టాలి. ఇదేం బతుకు అని ఆవిడకి మహా కోపం.

ఈ ఏడు దేవుడే దారి చూపించాడు. వనభోజనాలు ఇంకా కొద్దిరోజులుండగా వీరభద్రానికి ఒక కంటికి శుక్లం తీశారు. రెండో కంటికి వచ్చే నెల. ఒకటి కొత్తది, ఒకటి మసక, రెంటి మీదా నల్లటి ప్లాస్టిక్ అద్దాలు. కొన్నాళ్ళు స్క్రీన్ వైపు చూడొద్దన్నారు డాక్టరు. సుధ కాఫీ చేతికిచ్చి పక్కన కూర్చుంది. కాఫీ ఇచ్చి పక్కన కూర్చుందంటే ఏదో ఉందని ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి తెలుసు.

"ఏమండీ, ఈసారి టికెట్ల సంగతి నేను చూసుకుంటాను."

"నువ్వా? ఎలా చేస్తావు?"

"ఎలా చేస్తే మీకెందుకు? మీ కంప్యూటర్ మీద చెయ్యి వెయ్యకుండా టికెట్లు ప్రింట్ చేశాననుకోండి, అది పోవాలి, నా స్టవ్ రావాలి. పందెం."

వీరభద్రం కాఫీ ఒక గుక్క తాగాడు. "పందెం సరే. కానీ సుధా, అది బొమ్మ లాంటి ఫైల్ కాదు. ప్రతిసారీ అది..."

"బొమ్మైతేనేం, బొరుసైతేనేం. ఒప్పుకున్నారా లేదా?"

"ఒప్పుకున్నాను గానీ, చెప్పేది విను..."

"ఒప్పుకున్నారు, చాలు" అని కప్పు పట్టుకుని లేచిపోయింది. సుధ అంతే. గెలిచాననుకున్నాక ఇంక ఒక్క ముక్క వినదు.

ఆ ఫైలు కాపీ ఒకటి ఆవిడ ఈమెయిల్‌లోనే ఉంది. ఎప్పుడో వీరభద్రం, దాచి పెట్టమని తనకే పంపాడు. ఆదివారం భోజనానికి ప్రణీత వచ్చింది. వరంగల్ పిల్ల, ఇక్కడ ఎమ్మెస్ చేస్తోంది, వారానికోసారి ఇంటి అన్నం కోసం సుధ దగ్గరికి వస్తుంది. ఆ పిల్లకి ఫైలు చూపించింది. తెరిస్తే టికెట్టూ లేదు, గళ్ళూ లేవు, వరసగా ఏవో ఇంగ్లీషు ముక్కలు.

"ఇది పోస్ట్‌స్క్రిప్ట్ ఆంటీ. ప్రింటర్‌కి అర్థమయ్యే భాష. ఇక్కడ గీత గియ్యి, ఇక్కడ అంకె వెయ్యి అని చెప్తది. దీన్ని పీడీఎఫ్ చేద్దాం, మామూలుగా ప్రింట్ చేస్కోవచ్చు."

"ఎంతసేపు పడుతుందే?"

"అయిపోయింది ఆంటీ. ఇగో."

లాప్‌టాప్‌లో టికెట్ ప్రత్యక్షమైంది. మూడు వరసలు, పదిహేను అంకెలు, పైన పెద్ద అక్షరాలతో సంఘం పేరు. ఇంత చిన్న పనికా ఈయన ప్రతి ఏడూ గరాజ్‌లో సగం పూట కూర్చునేది అని సుధ ముక్కున వేలేసుకుంది. ప్రణీత చుట్టూ మావిడాకుల బార్డరు కూడా వేసింది. ప్రింట్ షాపులో మంచి పసుపురంగు అట్టకాగితం మీద ఒక కట్ట తీయించారు. సుధ కట్ట మీద చెయ్యి వేసి, "ఒకదానికొకటి తేడా లేకుండా ఎంత బాగా వచ్చాయో" అని మురిసిపోయింది. ఆ మాట తర్వాత తల్చుకుని ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో లెక్క లేదు.

ఇన్నేళ్ళు పిలిచిన మనిషికి ఆమాత్రం తెలియదా అని మీరు అడుగుతారు. అడగండి. ఇన్నేళ్ళూ ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి అంకెలు తీసిందే గానీ, టికెట్ పట్టుకుని ఒక్కనాడూ ఆడింది లేదు. ప్రణీతకైతే ఆటే తెలియదు. ఎవరి టికెట్ ఎలా ఉంటుందో ఆలోచించాల్సిన మనిషి నల్లద్దాలు పెట్టుకుని సోఫాలో పాత పాటలు వింటున్నాడు.

సుధ అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. పాత సామాను ఊరికే ఇచ్చిపుచ్చుకునే వాట్సాప్ గ్రూప్ ఒకటుంది ఆ పేటలో. అందులో కంప్యూటరు, మానిటరు, ప్రింటరు ఫొటోలు పెట్టేసింది. గంట తిరక్కుండానే ఒకాయన వచ్చి, పాత ఆటలు ఆడుకోవడానికని ఆ లావు మానిటర్ని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయాడు. మిగతావి సోమవారం పట్టుకెళ్తానని ఇంకొకాయన రాశాడు. ప్రింటర్‌ని కంప్యూటర్‌కి కలిపే తీగ పీకి, చుట్ట చుట్టి సిద్ధంగా పెట్టింది. మానిటర్ ఉన్నచోట బొమ్మల కొలువు పెట్టె ఒకటి పెట్టి దుప్పటి కప్పేసింది. పందెం గెలిచాక చెబుదామని. మసక కళ్ళాయన చూసేదీ లేదు, పెట్టేదీ లేదు అనుకుంది.

వనభోజనాలు లేక్ క్రాబ్‌ట్రీ పార్కులో. ఉసిరి చెట్టు కింద తినాలి కదా. నార్త్ కరొలినాలో ఉసిరి చెట్టు ఎక్కణ్ణుంచి తెస్తాం? డాక్టర్ వెంకటేశ్వర్లు గారింట్లో కుండీలో ఒక మొక్క ఉంది. ఆపరేషన్లకి ముందు మత్తిచ్చే డాక్టరుగా రిటైరయ్యాక ఆయనకి ఆ మొక్కే పేషెంటు. ఏటా దానికి సీట్ బెల్ట్ పెట్టి వ్యాన్‌లో తెస్తారు. పార్కులో గోడల్లేని పందిరి లాంటి షెల్టర్ మధ్యలో పెడితే, చుట్టూ చాపలూ ఫోల్డింగ్ కుర్చీలూ వేసుకుని అందరూ చెట్టు కింద ఉన్నట్టే లెక్క.

సుధ మైకు అందుకుంది. పట్టుచీర మీద స్వెట్టరు, మెడలో స్కార్ఫు. పసుపు టికెట్లు చూసి అందరూ బావున్నాయన్నారు. వీరభద్రం ముందు వరసలో కూర్చుని, చేతికొచ్చిన అట్టని వేళ్ళతో తడిమి, "కాగితం మందంగా ఉందే" అన్నాడు. పక్కనే ప్రణీత, అంకుల్ టికెట్ కూడా తనే కొట్టేస్తానని పెన్ను పట్టుకుని కూర్చుంది. ఈసారి ఫుల్ హౌస్‌కి బహుమతి వెట్ గ్రైండర్. రాతిది, కోయంబత్తూరుది. ఆడవాళ్ళందరి కళ్ళూ దాని మీదే.

"ఏడుకొండలవాడు, ఏడు" అని పిలిచింది సుధ.

షెల్టర్‌లో తలలన్నీ ఒక్కసారి కిందికి వంగాయి. పెన్నులన్నీ కదిలాయి. శుభం అనుకుంది.

"నక్షత్రాలు, ఇరవై ఏడు."

ఒక్క తలా వంగలేదు. అందరూ ఆవిణ్ణే చూస్తున్నారు.

"షష్టిపూర్తి, అరవై." అన్ని తలలూ వంగాయి. "రావణుడి తలలు, పది." ఒక్కరూ కదల్లేదు. సుధకి ఎక్కడో తేడా కొడుతోంది గానీ, మైకు చేతిలో ఉన్నప్పుడు ఆవిడ బుర్ర అంత తొందరగా పనిచెయ్యదు. ఇంకొన్ని పిలిచింది. ఒకసారి ఊరంతా కొట్టేస్తుంది, ఒకసారి ఊరంతా పెదవి విరుస్తుంది.

"అరవై నాలుగు కళలు, అరవై నాలుగు."

"జల్దీ ఫైవ్" అని షెల్టర్ మొత్తం లేచి నిలబడింది. ముసలీ ముతకా, పిల్లా మేకా, వాకర్ పట్టుకున్న మామ్మగారితో సహా. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత పక్కవాళ్ళ టికెట్‌లోకి తొంగిచూసుకోవడం, ఆ తర్వాత నవ్వులు. పిల్లలైతే నేలమీద దొర్లారు.

వెంకటేశ్వర్లు గారు మాత్రం నవ్వలేదు. రెండు టికెట్లు పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు పైకి జరుపుకుని చూశారు.

"సుధగారూ, అందరికీ ఒకటే టికెట్ ఇచ్చారేంటండీ? మరి గ్రైండర్ ఎవరికివ్వాలి? మీ ఇష్టం వచ్చినవాళ్ళకా?" అని, అక్కడితో ఊరుకోకుండా, "చేత్తో టికెట్లు రాసిన రోజులు మళ్ళీ వచ్చినట్టున్నాయి" అన్నారు.

ఆ మాటతో సుధ గుండెల్లో రాయి పడింది. ఆ రోజులు ఆయన మర్చిపోలేదు, ఆవిడా మర్చిపోలేదు. సంఘం పెట్టిన కొత్తలో టికెట్లు సుధే చేత్తో రాసేది. వరసగా రెండేళ్ళు ఫుల్ హౌస్ సుధ పిన్నికూతురికి వచ్చింది. రాసిందీ అక్కే, పిలిచిందీ అక్కే, గెలిచింది చెల్లి అని ఈ వెంకటేశ్వర్లు గారే మైకులో హాస్యమాడారు. అందరూ నవ్వారు. సుధ కారెక్కి ఇల్లు చేరేదాకా ఏడ్చింది, ఇంక జన్మలో మైకు ముట్టుకోనంది. తర్వాత ఏడాది వీరభద్రం కంప్యూటర్ టికెట్లు తెచ్చేసరికి గొడవ సద్దుమణిగి, మళ్ళీ పిలవడం మొదలెట్టింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆవిణ్ణి వేలెత్తి చూపించినవాళ్ళు లేరు. ఇప్పుడు షెల్టర్ అంతా చూస్తోంది. నవ్వుతూనే చూస్తున్నారు, కానీ ఆ రోజూ నవ్వుతూనే చూశారు.

సుధ మైకు కిందికి దించేసింది.

వీరభద్రం లేచి, తడుముకుంటూ వచ్చి మైకు తీసుకున్నాడు. "పొరపాటు నాదండీ. ఫైల్ నాది. కన్ను బాలేక చూసుకోలేదు. అందరూ భోజనాలు కానివ్వండి, ఈలోగా వేరే టికెట్లు తెస్తాను" అన్నాడు. ఇంక ఎవరైనా ఏమైనా అనేలోపు సుధ మోచెయ్యి పట్టుకుని, "పద, డ్రైవ్ చెయ్యి" అన్నాడు.

కారులో రెండు సిగ్నళ్ళు దాటాక సుధ అడిగింది. "మీ పొరపాటు ఎలా అవుతుంది? నేను కదా చేసింది."

"నువ్వు ఒక టికెట్‌ని కాపీ తీశావు. ఆ ఫైలు టికెట్ కాదు సుధా. ప్రింటర్‌కి పంపిన ప్రతిసారీ, ఆ ప్రింటరే లోపల కూర్చుని కొత్తగా అంకెలు ఎంచి గీస్తుంది. ఇది చెబుదామనే అనుకున్నాను."

"నేను చెప్పనిస్తేగా" అంది సుధ. అంతటి మనిషి నోట ఆ మాట రావడంతో వీరభద్రానికి భయం వేసినట్టుంది.

గరాజ్ తలుపు లేచింది. వీరభద్రం బల్ల దగ్గరికి వెళ్ళి దుప్పటి లాగి, మానిటర్ మీట కోసం తడిమాడు. చేతికి అట్టపెట్టె తగిలింది. మూత తీశాడు. లోపల ఒక కొయ్య రాజూ, ఒక కొయ్య రాణీ.

"ఇదేమిటి?"

"మానిటర్ ఇచ్చేశాను" అంది సుధ. "గ్రూప్‌లో పెట్టాను. ఎవరో తీసుకెళ్ళారు. మిగతావి సోమవారం పోతాయి. నన్ను తిట్టండి, తర్వాత తిట్టండి, ఇప్పుడేం చేద్దామో చెప్పండి."

వీరభద్రం కొయ్య రాణిని తీసి చేత్తో తడిమాడు. తర్వాత నవ్వాడు. "నాకు కళ్ళు లేవు, దానికి తెర లేదు. ఇద్దరం సరిపోయాం. నువ్వు కూర్చో. నీ వేళ్ళు కావాలి."

మౌస్‌తో నడిచే కంప్యూటరైతే తెర లేకుండా అక్కడితో కథ ముగిసేది. ఇది చెప్పిన మాట వినే రకం, మనం చూసినా చూడకపోయినా దానికి ఒకటే. సుధ స్విచ్చి వేసింది. ఫ్యాన్ తిరిగింది, ఒక బీప్ వచ్చింది.

"లోపల బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. టైమెంతో తెలియట్లేదు, ఏం చెయ్యమంటావు అని ఇప్పుడు అడుగుతోంది. ఎఫ్ వన్ కొట్టు."

కొట్టింది. లోపల ఏదో గరగరలాడి సద్దుమణిగింది. వీరభద్రం చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. "ఆ, గీత వచ్చేసి ఉంటుంది. ఇప్పుడు నేను చెప్పింది కొట్టు. కాపీ. స్పేస్. టాంబోలా, చుక్క, పీ, ఎస్. స్పేస్. ఎల్, పీ, టీ, ఒకటి. ఎంటర్."

కనిపించని తెర మీద సుధ ఒక్కో అక్షరం గుచ్చి గుచ్చి కొట్టింది. ఎంటర్ నొక్కింది. ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు.

"పచ్చలైటు ఆరుతూ వెలుగుతోందా?"

"లేదండీ." అప్పుడు గుర్తొచ్చింది. "తీగ నేనే పీకాను."

చుట్ట విప్పి, అరచెయ్యంత ప్లగ్గు ప్రింటర్ వెనక దోపి, రెండు కొక్కేలూ బిగించింది. చీరకి దుమ్ము, చేతికి గీరుకుపోయిన గీత. "మళ్ళీ మొదట్నుంచి కొట్టాలా?" అంది ఏడుపు గొంతుతో.

"అక్కర్లేదు. ప్రింటర్ కనబడలేదు, మళ్ళీ ప్రయత్నించనా అని అడుగుతూ కూర్చుని ఉంటుంది పాపం. ఆర్ కొట్టు, చాలు."

సుధ ఆర్ కొట్టింది. పచ్చలైటు కళ్ళార్పడం మొదలుపెట్టింది. ప్రింటర్ లోపల పళ్ళచక్రాలు మూలిగి, కాగితం ఒకటి వెచ్చగా బయటికి వచ్చింది. మావిడాకుల బార్డరు లేదు. నల్లటి గీతలు, పెద్ద అంకెలు. దాన్ని చూసి సుధకి ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడు ఎఫ్ త్రీ కొట్టి ఎంటర్ కొట్టు. ఇందాకటి మాటే మళ్ళీ చెప్పినట్టు."

ఎఫ్ త్రీ, ఎంటర్. రెండో కాగితం. సుధ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్క వరస కూడా కలవలేదు. ఎఫ్ త్రీ, ఎంటర్. ఎఫ్ త్రీ, ఎంటర్. చెయ్యి అలవాటు పడ్డాక నోరు ఊరుకోదు కదా.

"ఏమండీ, ఒకసారి ఓ కట్ట టికెట్లు రకరకాలుగా చేసి దాచిపెట్టుకుని, ఏటా అవే వాడుకోవచ్చుగా? ఈ తిప్పలన్నీ ఎందుకు? ఏటేటా ఈ ముసలి ప్రింటర్ చేత కొత్తగా ఎంచించడం ఎందుకు?"

వీరభద్రం బియ్యం బస్తా మీద కూర్చుని నల్లద్దాలు సర్దుకున్నాడు. "దాచిపెడితే ఇంట్లో ఉన్నట్టే కదా. ఇంట్లో ఉంటే నువ్వు ముందే చూశావంటారు. ఆ రోజు కారులో ఏడ్చావు, గుర్తుందా? అప్పుడే అనుకున్నాను. ఏ టికెట్‌లో ఏ అంకె పడుతుందో నీకు తెలియకూడదు, నాకూ తెలియకూడదు. అప్పుడు నిన్ను ఎవడూ ఏమీ అనలేడు. అందుకు రాశాను దాన్ని."

సుధ చెయ్యి ఎఫ్ త్రీ మీద ఆగిపోయింది. ఇన్నేళ్ళూ అది ఆయన ఆటబొమ్మ అనుకుంది. ఆయన పిచ్చి అని పేరంటాల్లో చెప్పి నవ్వింది. తన కోసం రాసినదాన్నే తను ఊరికే తీసుకుపొమ్మని ఫొటో పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆయనకి కనబడకపోవడం మంచిదే అనుకుంది.

"ఏం ఆగిపోయావు? కాగితం ఇరుక్కుందా?"

"లేదు" అంది సుధ. ఎఫ్ త్రీ, ఎంటర్.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి పులిహోర అయిపోయి, జనం పెరుగన్నం మీద ఉన్నారు. టికెట్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. సుధ కట్ట తీసుకెళ్ళి తిన్నగా వెంకటేశ్వర్లు గారి ఒళ్ళో పెట్టింది. "మీరే చూసి, మీ చేత్తోనే పంచండి డాక్టరుగారూ" అంది. ఆయన నిజంగానే నాలుగైదు తిప్పి చూసి, పేక కలిపినట్టు కలిపి పంచారు. సుధ టికెట్ల వంక చూడకుండా చెరువు వైపు తిరిగి నిలబడింది.

ఆట మళ్ళీ మొదలైంది. ఈసారి తలలు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ వంగుతుంటే సుధ గొంతు తిరిగి వచ్చింది. జల్దీ ఫైవ్ వాకర్ మామ్మగారికి వచ్చింది. వరస నింపినవాళ్ళకిచ్చే చిన్న బహుమతులు ఎవరెవరికో పోయాయి. మిగిలింది గ్రైండర్. షెల్టర్ అంతా చెవులు రిక్కించింది.

"పదహారు రోజుల పండగ, పదహారు."

ముందు వరసలో ప్రణీత ఎగిరి లేవబోయింది. వీరభద్రం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. మెల్లిగా ఏదో అన్నాడు. ప్రణీత నోరు మూసుకుని కూర్చుంది. ఆయన తన టికెట్‌ని ఆ పిల్ల చేతిలోంచి తీసుకుని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సుధ చూసింది. ఏం జరిగిందో ఆవిడకి అర్థమైంది, ఎందుకు చేశాడో కూడా అర్థమైంది. రాసిందీ మొగుడే, పిలిచిందీ పెళ్ళామే, గెలిచిందీ మొగుడే. ఇంకో అంకె పిలిస్తే చాలు, ఇంకెవరో గెలుస్తారు, ఎవరికీ తెలియదు. సంచిలో చెయ్యి పెట్టింది. వేళ్ళకి ఒక బిళ్ళ తగిలింది. ఒక్క అంకె, అంతే.

ఉత్త చెయ్యి బయటికి తీసింది.

"ఫుల్ హౌస్" అంది మైకులో. "వీరభద్రం గారికి. మా ఆయనకి. టికెట్ ఆయన జేబులో ఉంది, చూడండి. ఇంకొక మాట. ఇందాకటి పొరపాటు ఆయనది కాదు, నాది. ఆయన చెప్పబోతే వినకుండా కాపీలు తీయించాను."

వెంకటేశ్వర్లు గారు లేచి, వీరభద్రం జేబులోంచి టికెట్ తీయించి, సుధ పిలిచిన బిళ్ళలన్నీ బల్ల మీద పేర్చుకుని, ఒక్కొక్కటే పెట్టి సరిచూశారు. ఆయన సరిచూసినంతసేపూ సుధ మైకు కింద పెట్టలేదు. చూడటం అయ్యాక ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సరిగ్గా ఉందమ్మా" అన్నారు. "పంచింది కూడా నేనే కదా." టికెట్ వీరభద్రం చేతికి తిరిగిచ్చి, "ఇందాక నేనలా అనకుండా ఉండాల్సింది" అన్నారు. ముందు చప్పట్లు కొట్టింది కూడా ఆయనే. మిగతావాళ్ళు అందుకున్నారు.

గ్రైండర్‌ని ఇద్దరు మనుషులు మోసుకొచ్చి కారు వెనక పెట్టారు. సుధ స్టీరింగ్ ముందు కూర్చుంది గానీ కారు స్టార్ట్ చెయ్యలేదు.

"ఎందుకు అరవలేదు మీరు?"

"నిన్ను మళ్ళీ ఎవరైనా ఒక మాట అంటే నేను ఊరుకోలేను సుధా. గ్రైండర్ పోతే పోయింది."

"మీరు చేసిన దాని మీద మీకే నమ్మకం లేదా?"

వీరభద్రం సీట్ బెల్ట్ కోసం తడుముకున్నాడు.

"నాకుంది" అంది సుధ.

ఫోన్ తీసి గ్రూప్‌లో టైప్ చేస్తూ పైకి చదివింది. "సోమవారం ఎవరూ రానక్కర్లేదు. కంప్యూటరూ ప్రింటరూ ఇవ్వడం లేదు. మానిటర్ తీసుకెళ్ళినవారు దయచేసి వెనక్కి ఇవ్వగలరు. బదులుగా, గరాజ్‌లో స్టవ్ పెట్టగానే, వేడి వేడి గారెలు."

"స్టవ్ ఎక్కడ పెడతావు?" అన్నాడు వీరభద్రం. "పందెం ఓడిపోయావు కదా."

"బొమ్మల కొలువు పెట్టెలు మేడ మీదికి పోతాయి, మీ బల్ల అటు జరుగుతుంది" అంది సుధ, కారు స్టార్ట్ చేస్తూ. "కార్తీకమాసం ముందు మాత్రం దాని పక్కన పోపు పెట్టను. ప్రింటర్‌కి ఘాటు తగలకూడదు."